జైల్లో కేకు కోశారు, సరే.. ఆ ఇంటికెవురు పోయారు?

డిసెంబరు వచ్చిందంటే నా ఫోన్లో వాట్సాప్ స్టేటస్‌లన్నీ ఒకే రకంగా ఉంటాయి. జైలు గేటు ముందు తెల్లచొక్కాలేసుకుని పది మంది నిలబడ్డ ఫొటో. చేతుల్లో కేకు డబ్బా, దుప్పట్ల మూట, వెనకాల ఫ్లెక్సీ. కింద "చెరసాల పరిచర్య" అని రాసి, జోడించిన చేతుల బొమ్మ. మా ప్రత్తిపాడు, పెదనందిపాడు, కాకుమాను పక్క పల్లెల్లో సంఘాలు సెమీ క్రిస్మస్ ఎంత శ్రద్ధగా చేస్తాయో ఈ పనీ అంతే శ్రద్ధగా చేస్తన్నాయి. తప్పేం లేదు. చలికాలంలో లోపలున్నోడికి దుప్పటి దుప్పటే.

నేనడిగేది వేరే. ఆ ఫొటోలో కనపడే గోడల వెనక మా పల్లె కుర్రాడొకడు ఉంటాడు. వాడి ఇల్లు చర్చికి నాలుగిళ్ళ అవతలే. వాడి భార్య పొద్దున్నే ఐదింటికి ఆటోలో మిరప కోతకి పోయి, చీకటి పడ్డాక మంటలెత్తే చేతుల్తో ఇంటికొస్తది. వాడి కూతురు బళ్ళో "మీ నాన్న యాడ పని చేస్తాడు?" అని అడిగితే హైదరాబాదని చెప్తది. కేకు కోసినోళ్ళలో ఆ ఇంటి గడప తొక్కింది ఎంతమంది?

నా సంగతి ముందే చెప్పేస్తా. నేను పుట్టింది లూథరన్ పల్లెలో. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరులో దిగినప్పట్నుంచి మా తాతల తాతలు ఆ గంట శబ్దానికే లేచారు. నేను మాత్రం ఇప్పుడు గుడికి పోయేది పెళ్ళిళ్ళకీ, భూస్థాపనలకీ. హక్కుల పనిలో పడ్డాక ప్రసంగాలకీ నాకూ దూరం పెరిగింది. పదో తరగతి తర్వాత నా చదువంతా గ్రంథాలయంలో, కోర్టు వరండాల్లో జరిగిందే. అయినా ఈ చెరసాల పరిచర్యకి మనం అండగా నిలబడాలని రాస్తన్నా. నమ్మినోళ్ళే కాదు, నాలాంటోళ్ళు కూడా. ఎందుకో చెప్పాలంటే 2022 దగ్గరికి పోవాలి.

2021 చివర్లో మన మిరప తోటలకి నల్ల తామర పురుగు పట్టింది, గుర్తుందిగా? పూత పూతే మాడిపోయింది. చాలామంది తోటలు పీకి దున్నేశారు. రైతు నష్టం గురించి పేపర్లు రాశాయి, రాయాల్సిందే. కోత కూలీల గురించి పెద్దగా ఎవురూ రాయలా. సంక్రాంతి నుంచి ఎండలు ముదిరేదాకా మా పల్లె ఆడోళ్ళు తెచ్చే కోత డబ్బులే ఏడాది మొత్తానికీ చీటీ, ఫీజు, వడ్డీ. ఆ ఏడు అది లేదు. మా పిన్ని కొడుకు, నాకు తమ్ముడు, అప్పటికి ఇరవై మూడేళ్ళోడు. పెళ్ళయ్యి ఏడాదిన్నర, చంటిపిల్ల. బండేసుకుని తెలంగాణ బార్డర్ దాటాడు. అప్పుడు ఆడ మందు రేటుకీ ఈడ రేటుకీ ఎంత తేడా ఉందో మీకు నేను చెప్పక్కర్లా. తిరిగొచ్చేటప్పుడు చెక్‌పోస్టులో సంచీతో సహా దొరికాడు. బండి పాయె, వాడూ పాయె. తర్వాత 2024లో కొత్త మద్యం పాలసీ వచ్చింది, తొంభై తొమ్మిది రూపాయల క్వార్టర్ కూడా వచ్చింది. వాడి కేసు మాత్రం అట్నే ఉంది, ఇప్పటికీ వాయిదాలకి తిరుగుతన్నాడు.

పదమూడో రోజు బెయిలొచ్చింది. ప్లీడరు ఫోన్ చేస్తే మా పిన్ని దేవుడికి దండం పెట్టి పొయ్యి మీద అన్నం ఎక్కించింది, రాత్రికి కొడుకొస్తాడని. వాడొచ్చింది ఇంకో ఇరవై ఆరు రోజులకి.

ఆ ఇరవై ఆరు రోజులూ ఎందుకో తమ్ముళ్ళు తెలుసుకోవాలి. బెయిలు కాగితం వేరు, బయటికి రావడం వేరు. ఇద్దరు షూరిటీలు, ఒక్కొక్కరు పదివేలకి బాండు పెట్టమంది కోర్టు. డబ్బు కట్టమని కాదు, మనిషి వాయిదాకి రాకపోతే అంత సొమ్ము నేను బాధ్యుడినని ఆస్తి ఉన్నోడొకడు వచ్చి సంతకం పెట్టాలి. ఇంటి పన్ను రసీదో, పొలం పాసు పుస్తకమో, దాని విలువ ఇంతని కాయితమో చూపించాలి. మా పల్లెలో ఇళ్ళేమో సర్కారిచ్చిన స్థలాల్లో, కాయితాలేమో చచ్చిపోయిన తాతల పేర్ల మీద. ఉన్నోళ్ళ దగ్గరికి పోవాలి. మా పిన్ని పదిహేనేళ్ళు కలుపు తీసిన ఆసామి "ఎందుకులేవే, కోర్టు గొడవలు మాకొద్దు" అన్నాడు. కోర్టు బయట టీ కొట్టు దగ్గర షూరిటీలు పెట్టడమే పనిగా ఉన్న మనిషి తలకి ఐదు వేలు అడిగాడు.

ఇక నేను. నా పేరు మీద రెండున్నర సెంట్ల ఇల్లుంది, పన్ను రసీదుంది. మా పిన్ని నన్నడగలా. అడుగుతదేమోనని నేను రెండ్రోజులు ఆమె ఫోన్ ఎత్తలా. అప్పటికే నా మీద ధర్నా కేసులు రెండున్నాయి, ఇంట్లో మా ఆవిడ ఇంకో కోర్టు కాగితం మీద సంతకం పెడితే ఊరుకోనంది. ఇవన్నీ నిజాలే. కానీ అంతకు నెల ముందే ఒక మీటింగులో విచారణ ఖైదీల హక్కుల మీద ముప్పావుగంట మాట్టాడొచ్చిన నోరు ఇది. ఆ మాట ఈ పేజీలో రాయకపోతే మిగతాదంతా రాసే అర్హత నాకు లేదు.

సంతకం పెట్టింది ఎవురంటే, ఒకరు రేకుల షెడ్డులో ప్రార్థన జరిపే చిన్న పాస్టరు గారు. రెండో మనిషి స్త్రీల సమాజంలో ఉండే ముసలావిడ, భర్త పోయాక ఇల్లు ఆవిడ పేరు మీదికొచ్చింది. ఇద్దరూ మూడు బస్సులు మారి పోయారు. ఆధార్‌లో ఒక పేరు, పన్ను రసీదులో ఇంకో పేరు పడిందని మొదటిసారి వెనక్కి పంపారు. రెండోసారి పొయ్యారు. పోనూ రానూ చార్జీలు వాళ్ళవే. ఈ ఇరవై ఆరు రోజులూ మా పిన్ని ఇంట్లో పొయ్యి ఎట్టా వెలిగిందంటే, పిడికెడు బియ్యంతో. మా పల్లెల్లో పుట్టినోళ్ళకి తెలుసు. పూట పూటా అన్నం వండేటప్పుడు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో పోస్తారు, ఆదివారం గుడికి తీసుకుపోతారు. మా మేనత్త సమాజం పెద్ద. ఆ బియ్యం నెలరోజుల పాటు మా పిన్ని ఇంటికి పంపింది. ఎవురికీ చెప్పలా, ఫొటో లేదు. ఆమెకి ఫొటో తియ్యడం రాదు కూడా.

మా తమ్ముడు ఆ తర్వాత గుడికేం పోలా. వాడప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఒకసారి నేనే ఆ పాస్టరు గార్ని కదిపాను, "ఏందయ్యగారూ, ఇంత చేస్తే వాడు ఒక్క ఆదివారం కూడా రాలేదే" అని. "నేను సంతకం పెట్టింది వాడి వాయిదాకి గానీ వాడి బాప్తీస్మానికి కాదు గదా" అన్నాడాయన. నేను చదివిన రాజ్యాంగం పుస్తకాలన్నిట్లో నాకింత సూటిగా ఎవురూ చెప్పలా.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2022 జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క చూడండి. దేశం మొత్తం జైళ్ళలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. వీళ్ళలో బెయిలొచ్చి కూడా షూరిటీ లేక లోపలే ఉన్నోళ్ళున్నారు. దళితులు, ఆదివాసులు, ముస్లిములు జనాభాలో వాటా కంటే జైల్లో ఎక్కువుంటారన్నది ఏటేటా అదే లెక్కల్లో కనపడతది.

కోర్టులకి ఇది తెలీక కాదు. 1978లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రీ కేసులో పేదోడికి పదివేల షూరిటీ పెట్టి, పైగా అన్న ఆస్తి వేరే జిల్లాలో ఉందని కుదరదంటే, జస్టిస్ కృష్ణయ్యర్ ఆ మేజిస్ట్రేటు ఉత్తర్వుని తోసేసి వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదలమన్నాడు. నలభై ఏడేళ్ళు దాటింది. 2022 నవంబరు 26న రాజ్యాంగ దినం సభలో, సుప్రీంకోర్టు జడ్జీల ముందే, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు పేద ఖైదీల గురించి మాట్టాడారు. ఇంటోళ్ళు విడిపించుకోవడానికి కూడా భయపడతారని, ఉన్న గిన్నెలూ చెంబులూ అమ్ముకోవాల్సి వస్తదేమోనని వాళ్ళ బాధని ఆవిడ చెప్పారు. ఊళ్ళో పెరిగిన మనిషి గనక చెప్పగలిగారు. రెండు నెలల తర్వాత, 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఒక పద్ధతి పెట్టింది. బెయిలొచ్చిన ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి చెప్పాలి. నెలలోపు షూరిటీ పెట్టలేకపోతే షరతులు తగ్గించే సంగతి కోర్టే చూడొచ్చు. అదే ఏడు కేంద్రం పేద ఖైదీల సాయం పథకం తెచ్చింది. అప్పుడు పెట్టిన పరిమితి విచారణ ఖైదీకి బెయిలు కోసం 40,000 దాకా, శిక్ష పడి జరిమానా కట్టలేనోడికి 25,000 దాకా. ఇంకోటి, 2024 జూలై 1న వచ్చిన కొత్త చట్టం, నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షను. మొదటిసారి కేసులో ఇరుక్కున్నోడు, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపేస్తే బాండు మీద వదలాలి. మిగతావాళ్ళకి సగం. ఉరి, యావజ్జీవం పడే నేరాలకి ఇది లేదు. ఒకటికి మించి కేసులున్నోళ్ళకీ కష్టం. పాత కేసుల వాళ్ళకి కూడా ఇది వర్తిస్తదని ఆ ఆగస్టులోనే సుప్రీంకోర్టు చెప్పింది.

చట్టం బాగానే ఉంది. మరి ఎందుకు కదలదు? నేను చూసినంతలో కారణం చిన్నది. ఈ కాయితాల గొలుసులో యాడో ఒక చోట ఒక మనిషి కావాలి. ఫలానా పల్లెలో ఫలానా వాడు ఇంకా బయటికి రాలేదని గుర్తు పెట్టుకుని, పోయి అడిగే మనిషి. ఇంటోళ్ళకి ఆ సెక్షను నెంబరు తెలీదు. వాళ్ళకి ఆ రోజు కూలి పోతది. జైలుకి సిబ్బంది చాలరు. హోం శాఖే మన చేతికొచ్చినా తీరే పని కాదిది. 2019 నుంచి 2022 దాకా రాష్ట్ర హోం మంత్రిగా ఉన్న మేకతోటి సుచరిత గారు మా ప్రత్తిపాడు ఎమ్మెల్యేనే. ఎవురున్నా షూరిటీ సమస్య కోర్టు గుమ్మం దగ్గరిది, పల్లె గుమ్మం దగ్గరిది. ఆ రెండు గుమ్మాలకీ మధ్యన వారం వారం తిరిగే యంత్రాంగం మన పల్లెల్లో ఎవురికుంది? పార్టీలకి ఎన్నికలప్పుడే ఉంటది. మా సంఘాలకి సభలప్పుడు ఉంటది. ప్రతి ఆదివారం హాజరు చూసుకుని, రానోడి ఇంటికి మనిషిని పంపే అలవాటు చర్చికే ఉంది. అందుకే నేను చర్చి వైపు చూస్తన్నా, భక్తితో కాదు.

వాళ్ళ పుస్తకంలో కూడా ఇది కొత్త మాట కాదు. మత్తయి 25వ అధ్యాయంలో చివరి తీర్పప్పుడు అడిగే ప్రశ్నల్లో ఆకలిగొన్నోడికి అన్నం పెట్టావా అనేదాని పక్కనే జైల్లో ఉన్నోణ్ణి చూడ్డానికి పోయావా అనేది కూడా ఉంది. పౌలు ఉత్తరాలు కొన్ని రాసింది సంకెళ్ళల్లోంచే. 1981లో కేరళలో సెమినరీ చదువుకునే కుర్రాళ్ళు మొదలుపెట్టిన పని ఇవాళ ప్రిజన్ మినిస్ట్రీ ఇండియా పేరుతో దేశమంతా ఉంది. మీ వయసోళ్ళే మొదలుపెట్టారు. అమెరికాలో చార్లెస్ కోల్సన్ అని ప్రెసిడెంట్ నిక్సన్‌కి కుడిభుజం లాంటోడు, వాటర్‌గేట్ గొడవలో 1974లో జైలుకి పోయి ఏడు నెలలు ఉండొచ్చాడు. అధికారం చూసినోడు కటకటాలు చూశాడు. 1976లో ప్రిజన్ ఫెలోషిప్ పెట్టాడు. ఆయన రాజకీయాలు నాకు పడవు. ఆ సంస్థలో నాకు నచ్చింది ఆయన పని కాదు, మేరీ కే బియర్డ్ అనే ఆవిడ పని. ఆమె ఒకప్పుడు బ్యాంకులు దోచిన మనిషి, అలబామాలో జైల్లో ఉంది. క్రిస్మస్‌కి చర్చివాళ్ళు వచ్చి ఖైదీ ఆడోళ్ళకి సబ్బులు, పేస్టులు ఇస్తే, ఆ తల్లులు వాటిని వాడుకోకుండా దాచి, చూడ్డానికొచ్చిన పిల్లలకి బహుమతిగా ఇవ్వడం ఆమె చూసింది. బయటికొచ్చాక 1982లో ఒక పద్ధతి పెట్టింది. లోపలున్న తల్లినో తండ్రినో మీ బిడ్డకేం కావాలని అడుగుతారు. చర్చివాళ్ళు అది కొని ఇంటికి తీసుకుపోయి ఇస్తారు. చర్చి పేరు మీద కాదు, "మీ నాన్న పంపాడు" అని. చూడండి, ఎంత తేడానో. మన దగ్గర పెన్సిలు డబ్బా ఇచ్చినా దాని మీద దాత ఫొటో అతికిస్తాం.

ఇదంతా రాస్తే మన కామెంట్లలో ఏమొస్తదో నాకు తెలుసు. "జైల్లో మతం మార్చేస్తన్నారు" అని ఒకరు, "దొంగలకి దయ ఎందుకు, చచ్చినోళ్ళ సంగతేంది" అని ఇంకొకరు. రెండూ కొట్టిపారేసే మాటలు కావు. మొదటిదానికి నేను కేరళకో అమెరికాకో పోను. బాపట్ల దాటితే చాలు.

స్టూవర్టుపురం పేరు వినగానే మీకు చిరంజీవి సినిమానో, రవితేజ 'టైగర్ నాగేశ్వరరావు'నో గుర్తొస్తది. ఆ ఊరు దొంగల ఊరుగా పుట్టలా, ఖైదుగా పుట్టింది. 1871లో తెల్లోడు నేరస్థ జాతుల చట్టం తెచ్చాడు. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశాడు. ఉప్పు, ధాన్యం మోసుకుని వ్యాపారం చేసిన ఎరుకలోళ్ళ బతుకు అప్పటికే రైళ్ళొచ్చి, పన్నులొచ్చి చితికిపోయింది. వాళ్ళని పుట్టుకతోనే నేరస్థులని రాసి, కుటుంబాలకి కుటుంబాల్ని తెచ్చి ఒక సెటిల్మెంటులో పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టారు. నడిపే పని ఎవురికిచ్చారు? సాల్వేషన్ ఆర్మీకి. రక్షణ సైన్యం. ఒక క్రైస్తవ సంస్థకి. కావలి సెటిల్మెంటు అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతిలో ఉండేది. హాజరు పట్టీ, బయటికి పోవాలంటే పాసు, చీరాల పొగాకు కంపెనీలో కూలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. బడి పెట్టారు, వైద్యం ఇచ్చారు, అదీ నిజమే. కానీ ప్రార్థన చేయించే చెయ్యీ, తాళం వేసే చెయ్యీ ఒకటే అయినప్పుడు అది పరిచర్య కాదు, కాపలా. స్వతంత్రం వచ్చి అయిదేళ్ళు గడిస్తే గానీ, 1952 ఆగస్టు 31 దాకా, ఆ చట్టం దేశమంతా పోలా. చట్టం పోయినా ముద్ర పోలా. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత అనే జర్నలిస్టు వేసిన కేసులో సుప్రీంకోర్టు జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచడాన్ని కొట్టేస్తూ, విముక్త జాతుల్ని అలవాటు నేరస్థులుగా చూసే జైలు నిబంధనల్ని కూడా కొట్టేసింది. ఆ నిబంధనలు మొన్నమొన్నటిదాకా పుస్తకాల్లో ఉన్నాయన్నమాట.

అదే స్టూవర్టుపురానికి 1970ల్లో ఇంకో జంట పోయింది. గోరా గారి కొడుకు లవణం, ఆయన భార్య హేమలత. ఇద్దరూ నాస్తికులు. హేమలత ఎవురో కాదు, మన గుర్రం జాషువా గారి కూతురు. వాళ్ళ చేతిలో హాజరు పట్టీ లేదు, తాళం లేదు. ఇళ్ళల్లోకి పోయి కూర్చున్నారు, ఏళ్ళ తరబడి తిరిగారు, పోలీసులతో మాట్టాడారు, దొంగతనం మానేసినోడికి బతుకు తెరువు చూశారు. నాకిందులో కనపడేది మతం ఉందా లేదా అనేది కాదు. అధికారం ఎటు పక్కనుందనేది. మా పాస్టరు గారు కూడా లవణం గారి పక్కనే కూర్చోదగ్గోడు, ఆ మాట ఇద్దరికీ నచ్చకపోయినా సరే.

కాబట్టి మనం సాయపడేటప్పుడు కొన్ని గట్టిగా అడగాలి. జైల్లో ఉన్నోడు "వద్దు" అంటే దానికి విలువుండాలి. దుప్పటి తీసుకోవడానికి ప్రార్థనలో కూర్చోవాలనే షరతుండకూడదు. బయటున్నోళ్ళకి బియ్యమిచ్చి ఆదివారం హాజరు చూడకూడదు. ఇక పిల్లల సంగతి మరీ ముఖ్యం. తల్లి జైలుకి పోతే ఆరేళ్ళ లోపు బిడ్డ తల్లి దగ్గరే ఉండొచ్చని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు పేరే 'ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం'. ఆరు దాటాక? అమ్మమ్మ ఉంటే అమ్మమ్మ, లేకపోతే యాడో హాస్టలు. మా జిల్లాల్లో మిషన్ హాస్టళ్ళలో చదివి పైకొచ్చినోళ్ళు వేలల్లో ఉన్నారు, మా నాన్న కూడా. అయినా చెప్తన్నా, ఖైదీ బిడ్డని మంచి ఉద్దేశంతోనైనా సరే, శిశు సంక్షేమ కమిటీకి తెలీకుండా, రిజిస్ట్రేషన్ లేని హోముకి పంపకూడదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం అదే చెప్తంది. బిడ్డని హోముకి పంపే డబ్బు అమ్మమ్మకిస్తే బిడ్డ ఇంట్లోనే పెరుగుతది. స్టూవర్టుపురం నుంచి నేర్చుకోవాల్సింది అదొకటి.

రెండో ప్రశ్న ఇంకా బరువైనది. 1993 మార్చి 8న నాకు పన్నెండేళ్ళు. హైదరాబాదు నుంచి చిలకలూరిపేట వచ్చే బస్సుని దోచుకోబోయి తగలబెట్టారు. 23 మంది కాలిపోయారు. పేట మాకు పక్కూరే. ఆ వారమంతా మా పల్లెలో ఎవురూ సరిగా అన్నం తినలా. గుంటూరు కోర్టు ఇద్దరు దళిత కుర్రాళ్ళకి 1995లో ఉరి వేసింది, సుప్రీంకోర్టు 1996లో ఖాయం చేసింది. 1997 మార్చి 29న రాజమండ్రిలో ఉరి తీయాలి. మహాశ్వేతాదేవి, మన పౌరహక్కుల వాళ్ళు కలిసి చివరి గంటల్లో ఆపించారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చాడు. ఆ రోజుల్లో టీ కొట్టు దగ్గర ఉరి ఆపాలన్నోళ్ళని, తీయాలన్నోళ్ళని, ఇద్దర్నీ విన్నా. తీయాలన్న మనిషి కళ్ళల్లో నీళ్ళు చూశా. ఆ 23 మందికీ ఇళ్ళున్నాయి. ఖైదీ ఇంటికి బియ్యం పంపే సంఘం దెబ్బతిన్నోళ్ళ ఇంటికి కూడా పోవాలి, లేకపోతే ఆ దయ ఒంటికాలి మీద నిలబడ్డట్టే.

రెండూ చేసినోళ్ళున్నారు. 1995లో మధ్యప్రదేశ్‌లో రాణి మరియా అనే సిస్టర్‌ని బస్సులోంచి దింపి పొడిచి చంపారు. పేద రైతుల్ని వడ్డీ వ్యాపారుల నుంచి బయటపడేస్తందని కోపం. చంపినోడిది యావజ్జీవం. 2002లో చనిపోయినావిడ సొంత చెల్లెలు ఇండోర్ జైలుకి పోయి ఆ మనిషికి రాఖీ కట్టింది. ఆ కుటుంబమే అతన్ని వదలమని అడిగింది. 2006లో బయటికొచ్చాడు. దెబ్బతిన్న ఇల్లే వచ్చి క్షమించింది. అందర్నీ అట్టా చెయ్యమని అడిగే హక్కు నాకూ లేదు, ఏ పాస్టరుకీ లేదు. అడగని రోజు కూడా ఖైదీ బిడ్డకి ఆకలేస్తది గనక ఆ పని క్షమాపణ కోసం ఆగకూడదు.

ఇప్పుడు ఊళ్ళల్లో ఇది ఇంకా దగ్గరికొచ్చింది. మందు సీసాలు పోయి గంజాయి ప్యాకెట్లు వచ్చాయి. పాడేరు వైపు నుంచి సంచీ తెస్తే ట్రిప్పుకింతని మీ వయసోళ్ళకే ఆశ పెడతన్నారు. తెచ్చేవాడు దొరుకుతాడు, తెప్పించినోడు దొరకడు. ఆ కేసుల్లో బెయిలు మామూలు కేసుల్లా రాదు. పేద ఖైదీల పథకం కూడా గంజాయి కేసులకి లేదు. అంటే ఆ ఇళ్ళు ఏళ్ళ తరబడి అట్టాగే ఉంటాయి. గుంటూరు నుంచి శిక్ష పడ్డోణ్ణి రాజమండ్రి పంపితే దగ్గర దగ్గర రెండొందల కిలోమీటర్లు. ఒక ములాఖత్‌కి భార్య రెండ్రోజుల కూలి, బస్సు చార్జీ, పిల్లని ఎవురి దగ్గర పెట్టాలనే దిగులు. చాలామంది మొదటి ఏడు పోతారు, రెండో ఏడు మానేస్తారు. వాళ్ళకి ప్రేమ లేక కాదు.

తమ్ముళ్ళూ, మీ దగ్గర ఫోనుంది, నెట్టుంది. మీ ఊళ్ళో లోపలున్నోళ్ళెవురో మీకు తెలుసు. 15100 న్యాయసేవాధికార సంస్థ నెంబరు. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడర్ని ఇవ్వాలని 1987 చట్టం 12వ సెక్షను చెప్తది. మొదటి కేసా, ఎంత కాలమైంది, మూడో వంతు ఎప్పటికవుతది, ఇది లెక్కెయ్యడానికి డిగ్రీ అక్కర్లా. లెక్కేసి మీ పాస్టరు గారి చేతిలో పెట్టండి, జైలుకి పోయేటప్పుడు కేకుతో పాటు ఆ కాయితం కూడా తీసుకుపొమ్మనండి. దేవుణ్ణి నమ్మనోళ్ళు పన్ను రసీదుతో షూరిటీకి పోవచ్చు. సంతకానికి మతం లేదు.

నేను ఆ తర్వాత రెండుసార్లు షూరిటీ పెట్టా. ఒకడు వాయిదాలన్నిటికీ వచ్చాడు. ఇంకొకడు ఒకసారి ఎగ్గొట్టాడు, కోర్టులో నాకు మాటలు పడ్డాయి, వాణ్ణి బస్టాండులో పట్టుకుని తెచ్చి నిలబెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మా ఆవిడ ఇంకా ఆ మాట ఎత్తి పొడుస్తానే ఉంది.

ఈ పండక్కి మా పల్లెలో లోపలున్నోళ్ళ ఇళ్ళు మూడు. పోయిన వారం మా మేనత్త, నేనూ కలిసి పోయి అయిదుగురు పిల్లల చెప్పుల సైజులు రాసుకొచ్చాం. రెండో ఇంట్లో చిన్నోడికి చెప్పులొద్దంట, క్రికెట్ బ్యాటు కావాలంట. పాస్టరు గారు ములాఖత్‌కి పోయినప్పుడు వాళ్ళ నాన్నకి ఈ సంగతి చెప్పి రావాలి. బ్యాటు ఆయన పంపినట్టే ఇవ్వాలి గదా, మరి ఆయనకి తెలియొద్దా?